వాగవతలి ఊరికి ఉప్పునీళ్ళు

నన్ను మాట్లాడమని పిలిచి, మాట్లాడనివ్వలేదు. అందుకే రాస్తున్నాను.

ఆరోగ్య పరిశోధనల మీద నైతిక సమీక్షను దేశమంతటా ఎలా బాగుచేయాలి అన్నది ఆ సభ. కుర్ర డాక్టర్లు, రేపు కమిటీల్లో కూర్చోబోయేవాళ్ళు చాలామంది వచ్చారు. పాత కాంపౌండరును కదా, శాలువా కప్పితే రెండు ముచ్చట్లు చెప్పి దిగిపోతాననుకున్నారు. నాకంటే ముందు లేచిన పెద్దమనిషి, "ఆ రోజుల్లో నియమాలు లేవు, అందువల్ల అక్కడక్కడ కొన్ని పొరపాట్లు జరిగాయి" అని తేల్చేశాడు. పొరపాట్లట! కాలు జారి పడితే పొరపాటు. చేతిలోంచి సీసా పడి పగిలితే పొరపాటు. నేను లేచి, యాభైల్లో మా సిరొంచ అడవిలో ఒక పిల్ల కాలి సంగతి మొదలుపెట్టానో లేదో, భోజనాల వేళయిందని చీటీ వచ్చింది. నోటికొచ్చింది అనేసి దిగాను. ఏమన్నానో రాస్తే అచ్చు వేయరు.

కాబట్టి పిల్లలూ, ఆ సంగతి ఇప్పుడు మొదటి నుంచి చివరిదాకా వినండి. మధ్యలో భోజనానికి లేవకండి.

అప్పటికి గడ్చిరోలి జిల్లా పుట్టలేదు. మాది చాందా జిల్లా. పైన రాష్ట్రాలు మారుతుండేవి గానీ కింద మా సర్కారు దవాఖాన మాత్రం ఏమీ మారేది కాదు. అదే కారే కప్పు, అవే రెండు బల్లలు. నేను సిరొంచ వాణ్ణే. మా అబ్బా అంగళ్ళ వెంట తిరిగి ఉప్పూ బట్టలూ అమ్మేవాడు. ఆయన బండి మీద కూర్చుని అడవి ఊళ్ళన్నీ తిరిగినవాణ్ణి కనుక నాకు గోండి వచ్చింది. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, కచేరీలో మరాఠీ, అడవిలో గోండి. దవాఖానలో అన్నీ వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని ఏ పెద్ద డాక్టరు అడవికి వెళ్ళినా, "ఆ సాయబును పంపండి" అనేవాళ్ళు. నేనూ సంబరంగా పోయేవాణ్ణి. జీపు ఎక్కడమంటే ఆ వయసులో తక్కువ సంగతా!

మా వైపు అడవి ఊళ్ళలో ఒక పుండ్ల రోగం ఉండేది. డాక్టర్లు దాన్ని యాస్ అనేవారు. జనం ఉత్త పుండ్లు అనేవారు. ఎక్కువగా పిల్లలకే వచ్చేది. ఒళ్ళంతా పచ్చిపచ్చిగా లేచి, రసి కారి, ఈగలు ముసిరేవి. దాని మానాన దాన్ని వదిలేస్తే కొందరికి ఎముకలోకి దిగేది. మోకాలి కింది ఎముక వాచి, పోట్లు పెట్టి, మెల్లమెల్లగా కొడవలిలా వంగిపోయేది. ఒకసారి వంగిన ఎముకను ఏ మందూ తిన్నగా చేయలేదు. ఆ ఊళ్ళలో కర్ర పట్టుకుని కుంటే పెద్దవాళ్ళను చూస్తే, వీళ్ళు చిన్నప్పుడు ఎంత ఏడ్చి ఉంటారో అనిపించేది.

సరిగ్గా ఆ కాలంలోనే పెన్సిలిన్ మా దాకా వచ్చింది. తెల్లగా, చిక్కగా, నూనెలో కలిపిన మందు. ఒక్క సూది వేస్తే చాలు, కొద్ది రోజుల్లో పుండ్లు ఎండిపోయేవి. వాపు దిగేది. మోసుకొచ్చిన పిల్లలు నడిచి ఇంటికి పోవడం నా కళ్ళతో చూశాను. నా ఉద్యోగంలో అంత సంతోషం మళ్ళీ ఎరగను.

అలాంటప్పుడు ఆ పరిశోధన డాక్టరు వచ్చాడు.

కోస్తా వైపు మనిషి. తెలుగాయన. మన తెలుగాయన ఒకరు ఇంతదూరం వచ్చారని మేమంతా మురిసిపోయాం. మర్యాదంటే ఆయన దగ్గరే నేర్చుకోవాలి. నన్ను "సాయిబు గారూ" అని పిలిచేవాడు. అప్పటిదాకా నన్నెవరూ గారు అనలేదు. నేల మీద కూర్చుని మాతోబాటు జొన్నరొట్టె తినేవాడు. సాయంత్రాలు తన కూతురి ముచ్చట్లు చెప్పేవాడు. పాపకు ముందు పళ్ళు ఊడాయనీ, నవ్వితే చేయి అడ్డం పెట్టుకుంటుందనీ. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీరు కోరలున్న మనిషిని ఊహించుకుంటారేమోనని. కోరలుంటే నేను మొదటిరోజే పట్టేసేవాణ్ణి.

జిమల్‌గట్ట దాటి లోపలికి పోతే ఒక వాగు. దానికి ఇటొక గోండు ఊరు, అటొక గోండు ఊరు. ఆయన ఆ రెంటినీ ఎంచుకున్నాడు. వాగివతలి ఊరికి తెల్లమందు. వాగవతలి ఊరికి నీళ్ళలా తేటగా ఉన్న ఇంకో మందు. "ఇది కొత్త రకమండీ. రెంటిలో ఏది బాగా పనిచేస్తుందో చూద్దాం" అన్నాడు. ఆ తేట సీసాలు ఆయనే మూతలు బిగించి తెచ్చుకున్నాడు. పెన్సిలినే మాకు వింత. దాని తమ్ముడొకడు వచ్చాడంటే నమ్మకపోవడానికి నాకేం పట్టింది?

ఆ ఊళ్ళ అనుమతి తెచ్చింది మా హెల్త్ ఇన్‌స్పెక్టరు. చామోర్షి మనిషి, మరాఠీ ఆయన. మెత్తనివాడు, పెన్షనుకు దగ్గరపడ్డవాడు. ఇంత పొగాకు, ఇంత ఉప్పు పట్టుకుని రెండు ఊళ్ళ పటేళ్ళ దగ్గర కూర్చున్నాడు. పక్కన నేను. "పుండ్లకు సర్కారు మందిస్తం, అప్పుడప్పుడు వచ్చి చూస్తం, నెత్తురు చుక్క తీస్కుంటం" అని నేను గోండిలో చెప్పాను. పటేళ్ళు తలూపారు. ఇంటికొచ్చిన మనిషికి కాదని చెప్పడం వాళ్ళకు రాదు. పైగా వచ్చింది ఉప్పు సాయబు కొడుకు. ఇన్‌స్పెక్టరు దుమ్ము దులుపుకుని లేచి, "ఝాలం, పర్మిషన్ మిళాలీ" అన్నాడు, పనైంది, అనుమతి దొరికిందని. అయిపోయింది. ఒక ఊరి పిల్లలందరి ఒళ్ళు అంత తేలిగ్గా మా చేతికొచ్చింది.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాను. "సార్, ఈ రెండూర్లు వియ్యాల ఊర్లు. ఇక్కడి పిల్లను అక్కడికిస్తరు, అక్కడి పిల్లను ఇక్కడికి తెచ్చుకుంటరు. రోజూ వాగు దాటి వస్తుంటరు, పోతుంటరు."

ఆయన ముఖం వెలిగింది. "అందుకేనండీ వీటిని ఎంచుకున్నది. రక్తం ఒకటే, తిండి ఒకటే. తేడా వచ్చిందంటే అది మందు వల్లే అన్నమాట."

ఎంత చదువుకున్నాడో అనుకున్నాను. చదువుకున్నాడు, సందేహం లేదు. వియ్యాల ఊళ్ళకు రక్తం ఒకటే ఉంటుందని తెలుసుకున్నవాడికి, దుఃఖం కూడా ఒకటే ఉంటుందని మాత్రం తట్టలేదు.

కొంతకాలం గడిచింది. ఇవతలి ఊళ్ళో పిల్లల ఒళ్ళు శుభ్రపడింది. అవతలి ఊళ్ళో ప్రతి విడతా సూది వేస్తూనే ఉన్నాం, పుండ్లు అలాగే ఉన్నాయి. నేను వెళ్ళినప్పుడల్లా, "కొత్త మందు, జర ఆలిశమైతది, ఓపిక పట్టుండ్రి" అని చెబుతూ వచ్చాను. డాక్టరు చెప్పమన్నాడు, చెప్పాను. వాళ్ళు సరేనన్నారు.

సరేననని మనిషి ఒకతె ఉంది. ఇవతలి ఊరి పటేల్ చెల్లెలు. అవతలి ఊరికి కోడలిగా పోయింది. ఆమె కూతురికి పాలపళ్ళ వయసు, ఎముకలోకి దిగింది రోగం. మోకాలి కింద వాచి, చర్మం నిగనిగలాడుతుండేది. ముట్టుకుంటే పిల్ల కేకపెట్టేది. ఎముక ఇంకా వంగలేదు గానీ వంగడానికి సిద్ధంగా ఉందని నాలాంటివాడికే తెలుస్తోంది. పుట్టింటివైపు ఏదో పెండ్లి జరిగితే ఆమె పిల్లను చంకనేసుకుని వచ్చింది. అక్కడ అన్న పిల్లలు డోలు చప్పుడుకు దుముకుతుంటే చూసింది. మర్నాడు సిరొంచ బాట పట్టి సూటిగా దవాఖానకు వచ్చింది. ఆమెకు అంగడి తెలుగు బాగానే వచ్చు.

"సాయబూ, గా ఊర్ల పోరగాండ్లందరు దుంకుతాండ్రు. నా బిడ్డ అడుగు తీసి అడుగేస్తలేదు. మాకేసిన సూది సూది గాదా?"

"సూదే, అక్కా. కొత్త మందు."

"ఏం కొత్త మందో ఏమో! గా పాత మందే ఎయ్యరాదు నా బిడ్డకు. కాలు వంకరవోతే దీన్ని ఎవరు జేస్కుంటరు? మా అత్తను జూసినవ్ గదా, గట్లనే పాక్కుంట తిరగాల్నా ఇది?"

నా దగ్గర ఆ తెల్లమందు లేదు. సీసాలన్నీ డాక్టరు పెట్టెలో, జిమల్‌గట్ట బంగళాలో ఉన్నాయి. "పెద్ద డాక్టరును అడుగుత" అని చెప్పి పంపాను. తర్వాతి క్యాంపుకు వెళ్ళగానే అడిగాను. ఆయన అప్పుడే చేతులు కడుక్కుని తువ్వాలుతో తుడుచుకుంటున్నాడు.

"అది మందు కాదండీ. ఉప్పునీళ్ళు" అన్నాడు.

నేను తప్పు విన్నాననుకున్నాను. ఆయన ఓపికగా, తరగతిలో చెప్పినట్టు చెప్పాడు. మందు లేకపోతే ఈ రోగం ఎముకలోకి ఎంత త్వరగా దిగుతుందో ఎవరూ సరిగా గమనించి రాయలేదట. గమనించాలంటే మందు పడని ఊరొకటి కావాలట. ఏ సూదీ వేయకపోతే జనం చూపించుకోవడానికి రారట, అందుకని ఉప్పునీళ్ళట. ఆఖర్లో అందరికీ మందు ఇస్తారట.

"ఆఖరంటే ఎప్పుడు సార్?"

"వచ్చే వానాకాలం దాటాక."

"అప్పటిదాక ఆ పిల్ల కాలు?"

"అదే కదండీ మనం చూడాల్సింది" అన్నాడు, తువ్వాలు మడతపెడుతూ.

ఇన్నేళ్ళయినా ఆ మాట గుర్తొస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పెట్టెలో మందుంది. మందున్న పెట్టె పక్కన కూర్చుని, మందు లేకపోతే ఏమవుతుందో చూస్తాడట! లంచం తినేవాణ్ణి చూశాను, తాగి సూది వేసేవాణ్ణి చూశాను, రోగిని కుక్కలా కసిరేవాణ్ణి చూశాను. వాళ్ళమీద కోపం వచ్చింది, పోయింది. ఈయన ఎవరినీ ఒక్కనాడు కసరలేదు. ఆ పిల్ల కాలు కొలిచేటప్పుడు కూడా, "నొప్పిగా ఉందామ్మా, అయిపోయింది, అయిపోయింది" అనేవాడు.

ఇన్‌స్పెక్టరు దగ్గరికి పోయాను. ఆయనకూ అప్పుడే తెలిసినట్టుంది. 

"అరే బాబా, నువ్వు గమ్మునుండు" అన్నాడు తన మరాఠీ తెలుగులో. "పై సాహేబులకు అంతా ఎరుకనే. నువ్వెంత, నేనెంత? నాకు కొన్ని నెలల్లో పెన్షన్ ఉన్నది."

"పటేల్‌కు మందని మాటిచ్చింది మనమే గదా, సాబ్."

"మాట నువ్వే చెప్పినవ్ గదా, గోండిల" అన్నాడు. అని, తనే సిగ్గుపడి లేచిపోయాడు.

మర్నాడు వాగివతలి ఊళ్ళో పరీక్ష. పటేల్ ఇంటి ముందు చదునులో బల్ల వేశారు. తల్లులు పిల్లల్ని పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఆ వరసలో, అన్న పిల్లల వెనక, ఆమె నిలబడి ఉంది. కూతురు చంకలో ఉంది. వాచిన కాలు ఎవరికీ తగలకుండా చేతిని అడ్డం పెట్టుకుంది. రాత్రే పుట్టింటికొచ్చి పడుకుందట, సూదిమందు ఈ ఊళ్ళోనే పడాలని. ఆమె ఒక్కతే కాదు, ఆ వరసలో వాగవతలి పిల్లలు ఇంకా కొందరు కనిపించారు. అందరూ మేనమామల ఇళ్ళలో దిగారు.

డాక్టరు గుర్తుపట్టాడు. కోపగించుకోలేదు. "సాయిబు గారూ, ఆమెకు నెమ్మదిగా చెప్పండి. పాపకు వాళ్ళ ఊళ్ళో మందు పడింది కదా, రెండు మందులు కలిస్తే ప్రమాదమని చెప్పండి."

నేను చేతిలోని సూది బల్ల మీద పెట్టేశాను.

"చెప్పండి."

అప్పుడు చెప్పాను. గోండిలోనే, ఊరంతటికీ వినపడేటట్టు అరిచి చెప్పాను. "ఈ పిల్లకు మందు పడలే. వాగవతలి ఊర్ల ఎవ్వలకూ మందు పడలే. ఆ సీసల ఉన్నది ఉప్పునీళ్లు. నాకు నిన్ననే ఎరుకైంది. డాక్టరు దాన్ని మందని జెప్పమంటాండు. నేను జెప్ప."

తర్వాత డాక్టరు వైపు తిరిగి, "చెప్పిన సార్" అన్నాను.

నేననుకున్నట్టు గొడవేం జరగలేదు. ముందుగా తల్లులు పిల్లల్ని వరసలోంచి లాక్కున్నారు. చూస్తుండగానే బల్ల ముందు ఎవరూ లేరు. పటేల్ వాగవతలికి మనిషిని పంపాడు. అటువైపు పెద్దలు, ఆడవాళ్ళు వచ్చేదాకా అందరూ అక్కడే కూర్చున్నారు. మాకు నీళ్ళు తెచ్చి ఇచ్చారు. అందరూ చేరాక పటేల్ వచ్చి డాక్టరు ముందు గొంతుక్కూర్చున్నాడు. నేను మధ్యలో. వాళ్ళు గోండిలో అన్నది మా సిరొంచ తెలుగులో రాస్తున్నాను.

"గీ పిల్ల ఎవరి పిల్లనుకుంటాండు డాక్టరు?"

"అవతలి ఊరి పిల్ల" అన్నాడు డాక్టరు.

"కాదు. నా చెల్లెను గా ఊరికిచ్చిన. దాని కడుపుల పుట్టిన ఆడపిల్ల మర్ల నా ఇంటికే వస్తది. పాలు మర్లిచ్చుడంటం మేము. మా పాలు దాగి పెరిగిన ఇల్లు, మాకు పిల్లనిస్తది. గీ పిల్ల పుట్టిన్నాడే నా కోడలైంది. నా ఊరిదైంది. నా ఊరికి తెల్లసూది ఇస్తనన్నడు గదా, దీనికెందుకియ్యడు?"

డాక్టరు కాస్త ఆలోచించాడు. చిన్నగా నవ్వాడు కూడా. "సరేనండీ. ఈ పాప ఒక్కదానికీ ఇచ్చేద్దాం. ఒక్కరిని లెక్కలోంచి తీసేస్తే నష్టం లేదు."

అదీ తర్జుమా చేశాను.

"ఒక్క పిల్లనా?" అన్నాడు పటేల్. "గా ఊరి ఆడపిల్లలందరు మా ఇండ్లకొచ్చేటోల్లే. మా ఆడపిల్లలందరు గా ఇండ్లకు వొయ్యేటోల్లే. వీల్లల్ల ఏ పిల్లను ఇడువమంటడో డాక్టర్నే ఏలువెట్టి సూపియ్యమను."

డాక్టరు వేలు పెట్టలేదు. పటేల్ లేచి బల్ల మీది తెల్ల సీసా ఒకటి, పెట్టెలోంచి తేట సీసా ఒకటి తెచ్చి ఆయన కాళ్ళ ముందు పెట్టాడు.

"డాక్టరుకు పిల్లలున్నరా?"

"ఒక పాప ఉంది."

"గా పాపకు గిట్ల కాలు వాస్తే, గీ రెండిట్ల ఏ సీస ఎత్తుతడు?"

డాక్టరు సీసాల వైపు చూశాడు. "మా ఊళ్ళో ఈ రోగం లేదండీ."

ఉన్నదున్నట్టు తర్జుమా చేశాను. పిల్లను ఎత్తుకున్న ఆమె నాతో తెలుగులోనే అంది, డాక్టరుకు అర్థం కావాలనే:

"ఉంటే అనే గదా మా అన్న అడిగింది."

పటేల్ ఇంకా నిలబడే ఉన్నాడు. "మా వియ్యపోల్లకు లేని సూది మాకద్దు. ఒంట్లకు వోయింది ఎట్లనూ తీస్కవోలేడు. గనీ ఇగ మా పిల్లల ఒళ్లు సూడనియ్యం. నెత్తురు చుక్క ఇయ్యం. గా ఊరికి తెల్లసూది పడితే అప్పుడు రమ్మను."

మీరు గమనించాలి. దయ కలిగి డాక్టరు పెట్టె తెరవలేదు. ఇవతలి ఊరు కూడా మొహం తిప్పుకుంటే ఆయన పని మొత్తం పోతుంది. సగమైనా దక్కించుకుందామని తెరిచాడు. నాకు అదైనా చాలనిపించింది. ఇన్‌స్పెక్టరు ఎవరూ చెప్పకుండానే పొయ్యి రాజేసి సూదులు మరగబెట్టాడు. మొదటి తెల్లసూది ఆ పిల్లకే వేశాం. పిల్ల అరిచిన అరుపుకు తల్లి నవ్వింది, మంట పుడుతోందంటే అసలు మందేనని. ఆ తర్వాత వాగు దాటి, ఉన్న మందంతా అయిపోయేదాకా అవతలి ఊరికి వేశాం. డాక్టరు నాతో ఒకే మాట అన్నాడు. "మీరు ఎంత నష్టం చేశారో మీకు తెలియదు సాయిబు గారూ." అప్పుడూ గారు వదల్లేదు.

ఇదీ సంగతి. నియమాలు లేవా? ఎవరి పిల్ల ఇది, ఏ పిల్లను వదలమంటావు, నీ పిల్లకైతే ఏం చేస్తావు అని అడిగినవాడు ఏ బడికీ పోలేదు. ఏ పెద్ద కమిటీలోనూ లేడు. ఆయన అడిగింది నియమం కాకపోతే నియమమంటే ఏమిటో మీరే చెప్పాలి. ఇప్పుడు మీకు కమిటీలున్నాయి, పెద్ద పెద్ద బల్లలున్నాయి, బల్ల మీద జీడిపప్పులున్నాయి. సంతోషం. ఆ బల్ల చుట్టూ సూది గుచ్చించుకునేవాడు ఎక్కడ కూర్చుంటాడని అడిగితే, "సామాన్య సభ్యుడు ఒకరున్నారు" అని నాలాంటి ముసలివాణ్ణి చూపిస్తారు. నేను సూది వేసేవాడి పక్షం, నాయనా! పొగాకు పెట్టి పటేల్ చేత తలూపించిన పక్షం. ఊరి పెద్ద ఒప్పుకున్నాడు కదా అని ఇప్పటికీ మీలో ఎవడైనా అన్నాడంటే వాణ్ణి ఆ ఊళ్ళో వరసలో నిలబెట్టండి, చంకలో పిల్లతో. సమీక్ష బాగుచేయడమంటే మరో రెండు సంతకాల గళ్ళు పెంచడం కాదు. సీసా మూత తీసి చూసే హక్కున్న మనిషి, వద్దంటే పని ఆగిపోయే మనిషి, ఆ ఊరివాడై ఉండాలి. అంతకు తక్కువ ఏదైనా ఉప్పునీళ్ళే.

తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. దాని కోసమే ఇంతా రాస్తున్నాను.

డాక్టరు వెళ్ళిపోయాడు. ఆయన పై వాళ్ళకు పంపిన నివేదికలో, అడవి జనం సహకరించనందువల్ల పని మధ్యలో నిలిచిపోయిందని రాశాడట. ఇన్‌స్పెక్టరు చాందా వెళ్ళినప్పుడు విని వచ్చి చెప్పాడు. సహకరించలేదట! ఒంట్లో ఉప్పునీళ్ళు ఎక్కించుకుని, నెత్తురిచ్చి, మాకు తాగడానికి నీళ్ళిచ్చిన జనం సహకరించలేదు. నన్ను దవాఖానలోంచి తీసి మశూచి టీకాల పనికి వేశారు. పై అధికారికి ఎదురు చెప్పినందుకు శిక్ష. అడవి తిరిగి చావమని. నేనేం బాధపడలేదు. ఆ ఊళ్ళు నావేననుకున్నాను.

చలికాలం పోతుండగా రేగుంట వైపు టీకాలు ముగించుకుని, ఆ వాగు దగ్గరికి పోయాను. సంతోషంగా ఎదురొస్తారనుకున్నాను. వాగవతలి ఊళ్ళో ఒక్క పిల్ల కనబడలేదు. నన్ను చూసి అందర్నీ అడవిలోకి తోలేశారు. ఆమె ఒక్కతే ఇంటి ముందు నిలబడి ఉంది. కూతురు ఆమె వెనక, తన కాళ్ళ మీద తాను నిలబడి, తల్లి చీర పట్టుకుని తొంగిచూస్తోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"అక్కా, అమ్మోరు వస్తాంది. అటు దిక్కు ఊర్లల్ల సొచ్చింది. పిల్లకు టీకా ఏపియ్యి."

"గిది మందా, నీళ్లా?"

"మందే. నా మీద ఒట్టు."

"నువ్వు మంచోనివే సాయబూ. నా బిడ్డ కాలు నీ వల్లనే నిలబడ్డది, నేను కాదంటలేను. గనీ ఆనాడు నీకు ఎరుక లేకుండె గదా. ఎరుక లేకనే మందని జెప్పినవ్. ఇయ్యాల ఎరుకనేనా? గా సీసల ఏమున్నదో నువ్వు జూసినవా?"

చూడలేదు. మూత బిగించి పైనుంచి పంపారు. మందని చెప్పి పంపారు. అంతకుముందు కూడా మందనే చెప్పారు. ఆ టీకా నా చేతి మీదే గీసుకుని చూపించాను.

"నీకేందయ్యా, నీ చేతికి పాత టీకా మచ్చలున్నయ్. నువ్వు సావవు" అంది. కోపంగా అనలేదు. పిల్లను ఎత్తుకుని అడవి దారి పట్టింది. వాగు దాటి ఇవతలి ఊరికి పోతే, పటేల్ ముఖం చూడకుండా, "వియ్యపోల్లకు లేనిది మాకద్దు" అన్నాడు. ఖాళీ చేతులతో జిమల్‌గట్టకు తిరిగొచ్చాను. ఆమె అడిగినదానికి జవాబు ఆ రోజు నా దగ్గర లేదు. పిల్లలూ, నిజం చెప్పండి, మీ దగ్గర ఉందా?

ఎండలు ముదిరాక మశూచి ఆ వాగు దాకా వచ్చింది. కబురు విని నేను పోయేసరికి వాగవతలి ఊళ్ళో ఒక పిల్లను పూడ్చడానికి తీసుకుపోతున్నారు. ఎవరి పిల్లో దూరం నుంచే తెలిసింది, ముందు నడుస్తున్నది మేనమామ. తల్లి నా వైపు ఒకసారి చూసి, వాళ్ళ వెంట నడిచింది. కప్పిన బట్ట పొట్టిది, మోకాళ్ళ దాకానే వచ్చింది. కింద కాళ్ళు బయటే ఉన్నాయి.

రెండు కాళ్ళూ తిన్నగా ఉన్నాయి.